ఏటిగట్టు వీధి సంఘం, పేట షావుకారు

ఒక వేసవి ఉదయం మా వీధి చివరి బయలులో కొయ్య గూటాలు మొలిచాయి. ఒక్కోదానికి ఎర్రగుడ్డ పీలిక చుట్టి, గూటానికీ గూటానికీ మధ్య కొత్త కొబ్బరితాడు లాగి కట్టారు. నేను బిందె పట్టుకుని ఏటికి పోతూ వాటిని చూశాను. ఎవరు పాతారో, ఎందుకు పాతారో తెలియలేదు. చెలమలో నీళ్ళు ముంచుకుని తిరిగి వచ్చేసరికి ఆ తాళ్ళ మీద అయిదు చీరలూ రెండు దుప్పట్లూ ఆరేసి ఉన్నాయి. మా వీధి ఆడవాళ్ళకి అంతకంటే పెద్ద అనుమానమేమీ రాలేదు. ఎవరో పుణ్యాత్ముడు దండేలు కట్టించాడనుకున్నారు.

అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు. నందిగామలో ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మని. మా ఆయన కోర్టు ఎదురుగా అరుగు మీద టైపు మిషను పెట్టుకుని అర్జీలు, దస్తావేజులు కొట్టేవారు. మునేటి ఒడ్డున ఏటిగట్టు వీధిలో, ఏటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. ఇంటివారు రిటైరైన హెడ్ కానిస్టేబులు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, ముగ్గురు కూతుళ్ళూ అత్తవారిళ్ళలో ఉన్నారు. వీధంతా ఆయన్ని హెడ్డు గారనేవారు, నేను బాబాయి గారూ అనేదాన్ని. మేం క్రైస్తవులమని తెలిసే ఇల్లు ఇచ్చారు. ఆదివారం పాటలు మాత్రం కాస్త మెల్లగా పాడుకోమన్నారు. నాలుగు వారాలు గడిచాక గోడ అవతల నుంచి, "అమ్మాయీ, రెండో చరణంలో రాగం జారుతోంది, చూసుకో" అని ఆయనే సరిదిద్దడం మొదలుపెట్టారు.

మా వీధికీ ఏటికీ మధ్యనున్న ఆ బయలు ఎవరిదీ కాదు, సర్కారు పోరంబోకు. ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ అయింది. మిరపకాయలు ఎండేది అక్కడే, గేదెలు మేసేది అక్కడే, పెళ్ళి పందిళ్ళు పడేది అక్కడే. అది దాటితే ఇసుక. వేసవిలో ఏరు సన్నని పాయగా తగ్గిపోయి ఇసుక బయటపడేది. అందులో చేతులతో గుంట తీస్తే ఊరే నీళ్ళే మా చెలమలు. కొబ్బరిచిప్పతో ముంచుకుంటే అద్దంలా ఉండేవి. ఊళ్ళో బావులన్నీ ఉప్పుగా మారినా మా వీధికి ఆ కరువు లేదు.

సాయంత్రానికి సంగతి తెలిసింది. జగ్గయ్యపేటలో బియ్యం మిల్లున్న షావుకారు ఒకాయన ఆ బయలు లీజుకి కావాలని సర్కారుకి అర్జీ పెట్టుకున్నారు. ముందు సినిమా హాలు, దాని పక్కన మేడ మీద లాడ్జి, ఎదురుగా కొట్ల వరస, ఆ వెనక లారీలు ఆగే జాగా. ఇవన్నీ మా గుమ్మాల ముందు.

హెడ్డు గారు మర్నాడే తన అరుగు మీద మీటింగు పెట్టారు. స్టేషన్లో హాజరు తీసుకున్నట్టే ఇంటి వరసన పిలిచారు. ఎవరైనా "ఆఁ" అంటే ఒప్పుకోలేదు, "ప్రెజెంటు సార్" అనాల్సిందే. చివరికి ఆయన గొంతు సవరించుకుని, "మనకొక సంఘం కావాలి" అన్నారు. అందరూ సరేనన్నారు. సంఘానికి పేరేం పెట్టాలన్న దగ్గర చిక్కొచ్చింది. వీధి పైభాగంలోని రైతులు 'మునేటి తీర రక్షణ సంఘం' అన్నారు. ఆ 'రక్షణ' అన్నమాట వింటే పోలీసువాళ్ళకి అనుమానమొస్తుందని హెడ్డు గారే అభ్యంతరం చెప్పారు. పేరు తేలడానికి రెండు మీటింగులు పట్టింది. 'ఏటిగట్టు వీధి నివాసుల సంఘం' అని నిర్ణయమయ్యాక మూడో మీటింగులో నన్ను కార్యదర్శిని చేశారు. నా అర్హత ఒక్కటే, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.

"ఆడవాళ్ళు కార్యదర్శిగా ఉండొచ్చాండీ?" అని ఒక రైతు అడిగాడు.

"నీ రాత చూపించు ముందు" అన్నారు హెడ్డు గారు. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

సంఘం పుట్టిన వారానికి షావుకారు గారే వచ్చారు. నల్లకారు వీధిలోకి పట్టక మొదట్లోనే ఆగిపోతే, ఇంటింటి దగ్గరా ఆగి కుశలం అడుగుతూ నడిచి వచ్చారు. నేను ఎవరో రాక్షసుణ్ణి ఊహించుకుని ఉన్నాను. వచ్చినాయన బొద్దుగా, నవ్వుమొహంతో, జరీ కండువాతో పెళ్ళికొడుకు మేనమామలా ఉన్నారు. మా అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని మొదలుపెట్టారు.

"ఏమ్మా పంతులమ్మ గారూ, మీరు సినిమా చూసి ఎన్నాళ్ళయింది?"

నిజం చెప్పాల్సి వచ్చింది. "ఏడాదిన్నర అయిందండీ."

"చూశారా! బెజవాడ పోయి చూసి రావాలంటే రోజంతా పోద్ది. లేదంటే డేరాలో ఇసకలో కూర్చుని చూడాలి, నడుములు పడిపోతాయి. నేను మీ గుమ్మంలోకి తెస్తానంటున్నా. ఫ్యాన్లు, కుర్చీలు! మీ వీధి మొత్తానికి మొదటి ఆట ఉచితం."

హెడ్డు గారు కళ్ళెర్రజేసి మీసం మీద చెయ్యి వేశారు. ఇప్పుడు ఉరుముతారనుకున్నాం. ఆయన అడిగింది ఇదీ: "తెర ఎంత పెద్దది?"

అంతే. ఆ తర్వాత ఇద్దరూ గంటసేపు పాత సినిమాల పాటల గురించి మాట్లాడుకున్నారు. ఏ పాట ముందు, ఏ పాట వెనక అని వాదించుకున్నారు. మధ్యలో హెడ్డు గారు ఒక పల్లవి అందుకుంటే షావుకారు గారు మోకాలి మీద తాళం వేశారు. సంఘం అధ్యక్షుడు శత్రువుని కారుదాకా సాగనంపి వచ్చి, నా మొహం చూసి, "మర్యాదకి మాట్లాడానమ్మా" అన్నారు.

ఆ రోజునుంచి సంఘం కరగడం మొదలైంది. వంటింట్లో మా ఆయన ఉల్లిపాయలు తరిగిపెడుతూ, "హాలొస్తే అంత తప్పేముందోయ్?" అన్నారు. నేను గరిటె ఎత్తాను గాని, మళ్ళీ కూరలోనే పెట్టేశాను. నాకూ సినిమా అంటే ఇష్టమే మరి. పొద్దున చెలమ దగ్గర ఇసుకలో కూర్చుని నీళ్ళూరేదాకా ఆగుతూ, కుర్చీలో కూర్చుని ఫ్యాను గాలికి సినిమా చూస్తున్నట్టు ఊహించుకున్నమాట వాస్తవం. కార్యదర్శే ఇలా ఉంటే మిగతావాళ్ళ సంగతి చెప్పాలా! తర్వాతి మీటింగుకి ఏడుగురం వచ్చాం. అందులో ఇద్దరు ఉచిత ఆటకి చుట్టాల్ని కూడా తీసుకెళ్ళొచ్చా అని తెలుసుకోవడానికి వచ్చారు.

హెడ్డు గారు నీరసంగా, "అయితే తీర్మానం మార్చి రాసుకోవాలేమో..." అంటుండగా, అరుగు కింద నుంచి ఒక గొంతు వినిపించింది.

"మీ సంఘంలో మాట్లాడాలంటే చదువుండాలాండీ?"

వీధి దిగువన గుడిసెలో ఉండే పెద్దమ్మ. అందరం ఆమెని అలాగే పిలిచేవాళ్ళం. వేసవి వస్తే ఏటి ఇసుకలో పుచ్చపాదులు పెట్టేది. గోతులు తీసి, ఎరువేసి, పాదుకి ఇంతని ముంతతో నీళ్ళు పోసి, ఎండల్లో అక్కడే చిన్న పాక వేసుకుని కాపలా ఉండేది. సంఘంలో ఆమె పేరు రాయాలని మాలో ఎవరికీ తట్టనే లేదు. ఈ రోజుకీ నాకది సిగ్గుగానే ఉంటుంది.

"అదేంటి పెద్దమ్మా, పైకి రా" అన్నాను.

"ఇక్కడే బాగుందిలే పంతులమ్మా. నాదొకటే అడగటం. సినిమాకి ఎంతమంది వస్తారంట?"

"ఆటకి నాలుగైదొందలమంది" అన్నారు మా ఆయన ఉత్సాహంగా.

"రోజుకెన్ని ఆటలు?"

"రెండు. పండగలకి మూడు."

"మరి మధ్యలో ఆపుతారు కదా. అప్పుడు లేచినోళ్ళందరూ ఎక్కడికి పోతారు?"

మా ఆయన తల గోక్కున్నారు. పెద్దమ్మే చెప్పింది.

"దొడ్లకని గోతులు తీస్తారు, లేదా ఏటి ఒడ్డునే కూర్చుంటారు. పైన మేడలో దిగినోళ్ళు సరేసరి. అదంతా ఎటు పోద్ది? ఇసకలోకే. ఇసకలో నించి ఎటు పోద్ది?"

హెడ్డు గారి చేతిలో మంచినీళ్ళ గ్లాసు సగం దారిలో ఆగిపోయింది. దాన్ని ఒకసారి చూసి, మెల్లగా అరుగు మీద పెట్టేశారు. పక్కనున్న రైతు కూడా తన గ్లాసు దూరంగా జరిపాడు. ఇన్ని మీటింగుల్లో సంస్కృతి అనీ, శాంతిభద్రతలనీ, లారీల దుమ్మనీ ఎన్నో మాట్లాడాం గాని, మేం రోజూ తాగే నీళ్ళ మాట ఒక్కరం ఎత్తలేదు. ఆ పూట హాలు వద్దన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పెద్దమ్మని సభ్యురాలిగా రాసుకున్నాను. ఆమె పుచ్చపాదులకి నీళ్ళు పొయ్యాలంటూ మీటింగు ముగియకముందే వెళ్ళిపోయింది.

ఇక అర్జీ రాయడం. మా ఆయన ఇంగ్లీషులో మూడు పేజీలు టైపు కొట్టుకొచ్చారు. ప్రతి పేరా మొదట్లోనూ కోర్టు కాగితాల్లో 'కాగా' అనడానికి రాసే 'వేరాజ్' ఒకటి ఉంది. నాలుగైదు 'వేరాజ్'లు దాటినా మేమేం కోరుతున్నామో రాలేదు. నేను తెలుగులో ఒకటిన్నర పేజీ రాశాను. ఏది పంపాలన్న దాని మీద మా ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవు. చివరికి రెండూ పంపమన్నారు హెడ్డు గారు. వీధంతా రెండిటి మీదా సంతకాలు పెట్టారు. పెద్దమ్మ మాత్రం మా ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఏం చెప్తుందో నాకు తెలీదు బాబూ. వదిన రాసిందాని మీదే నేను వేలు వేస్తా" అని నా అర్జీ మీదే వేలిముద్ర వేసింది. నన్ను వదిన అనడం అదే మొదలు. ఆమెకి నా తల్లి వయసు. మా ఆయన నాలుగు రోజులు ఆ మాటే తలుచుకుని నవ్వారు.

పది రోజులకి కబురొచ్చింది, తహసీల్దారు గారే వచ్చి స్థలం చూస్తారని. దాంతోపాటు షావుకారు గారి అర్జీలో ఏముందో కూడా తెలిసింది. ఆ నేల గట్టిదనీ, మునేటి వరద అక్కడిదాకా ఎన్నడూ రాలేదనీ రాశారు.

హెడ్డు గారు మండిపడ్డారు. "రాలేదా? నా పెళ్ళయిన కొత్తలో ఈ ఇంటి గోడ మీద ఇంతెత్తున వచ్చింది! మూడు రోజులు అటక మీద కూర్చున్నాం."

"గోడ మీద గుర్తుందా బాబాయి గారూ?"

ఆయన ఉత్సాహంగా లేచి గోడ దగ్గరికెళ్ళి, అలాగే నిలబడిపోయారు. గోడ తెల్లగా, నున్నగా మెరుస్తోంది. ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకీ, పండగ పండగకీ సున్నం కొట్టించారు. మా వీధిలో ఇల్లు అంత శుభ్రంగా ఉంచుకునేవాళ్ళు మరొకరు లేరు. ఆ శుభ్రమే ఇప్పుడు మా పీకల మీదికి వచ్చింది.

చూడటానికి వచ్చిన రోజు వీధంతా బయలులోనే ఉంది. తహసీల్దారు గారు సన్నగా, పొడుగ్గా, గొడుగు వేసుకుని జీపు దిగారు. మాట పొదుపు మనిషి. షావుకారు గారు అంతకుముందే వచ్చి, నేల ఎంత గట్టిదో చూపించడానికి కావాలనే కారుని చుట్టూ బండ్లబాట మీదుగా బయలు మధ్యదాకా తెచ్చి నిలబెట్టించారు. ఇద్దరి వాదనా విన్నాక అధికారి ఒక్కటే అడిగారు.

"వరద వచ్చినట్టు ఏమన్నా గుర్తుందా?"

"ఇదిగోండి, ఇక్కడిదాకా" అని హెడ్డు గారు తన గోడ మీద చెయ్యి పెట్టారు.

"అక్కడ సున్నం తప్ప నాకేం కనపడట్లేదే."

"హెడ్డు గారికి కలొచ్చి ఉంటదండీ" అన్నారు షావుకారు గారు. కొందరు నవ్వారు. మా వీధి వాళ్ళు కూడా ఇద్దరు నవ్వారు.

నాకెందుకో ఒళ్ళు మండింది. గబగబా వంటింట్లోకి వెళ్ళి చేతికందింది పట్టుకొచ్చాను. అది అట్లకాడ. దాంతో గోడ గీకడం మొదలుపెట్టాను. మా ఆయన, "ఇదేంటి, బాగోదు" అని గొణుగుతున్నారు. తెల్లసున్నం పొర రాలింది. దాని కింద నీలిమందు కలిపిన పొర, దాని కింద పసుపు రంగు, మళ్ళీ తెలుపు. పొరలు పొరలుగా రాలి నా చీరంతా సున్నమయింది. ఏమీ లేకపోతే? ఇంకొక్క గీత గీకేసరికి ఇటుకరంగు మట్టి చార కనిపించింది. అడ్డంగా, తాడు లాగినట్టు తిన్నగా ఉంది. దానికి పైన, వేలి వెడల్పున, పసుపు మరకా, మధ్యలో నల్లబడిన కుంకుమ.

"ఇదేంటి?" అన్నారు తహసీల్దారు.

హెడ్డు గారు దగ్గరికొచ్చారు. అంతవరకూ అటెన్షన్లో ఉన్న మనిషి కొద్దిగా వంగి చూశారు.

"మా ఆవిడ పెట్టిందండీ" అన్నారు. "నీళ్ళు తీశాక... గంగమ్మ మన గడప తొక్కి పోయిందని, వచ్చినంత మేరా బొట్లు పెట్టి దణ్ణం పెట్టింది. నేను మర్చేపోయా."

నా చేతిలో అట్లకాడ తీసుకున్నారు. తర్వాత ఆయనే గీకారు, నాలా కాదు, పుండు మీది పట్టీ తీసినట్టు నెమ్మదిగా. ఒక్కో బొట్టూ బయటపడుతుంటే ఆగి, వేలితో సున్నం పొడి తుడిచి, మళ్ళీ ముందుకి జరిగారు. షావుకారు గారు కండువా భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. తొమ్మిది బొట్లు తేలాయి. పదోదాని దగ్గర గోడ కొత్తగా కట్టింది, అక్కడ లేదు. ఆయన అక్కడ కూడా కాసేపు వెతికారు.

తహసీల్దారు గారు టేపు పెట్టి కొలిపించారు. చార ఆయన ఛాతీ ఎత్తున ఉంది. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు.

ఎండ దంచుతోంది. పెద్దమ్మ అప్పుడే చెలమ నుంచి తెచ్చిన నీళ్ళు అందరికీ పోసింది. అధికారి రెండు గ్లాసులు తాగారు. షావుకారు గారు తన కోసం తెచ్చుకున్న గోలీసోడా పక్కన పెట్టి మరీ మూడు గ్లాసులు తాగి, "ఆహా, ఏం నీళ్ళండీ! మా పేటలో ఇలాంటివి దొరకవు" అన్నారు.

"అది కూడా రాసుకోండి బాబూ" అంది పెద్దమ్మ తహసీల్దారుతో.

ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడొక్కసారే. షావుకారు గారు కూడా పొట్ట కదిలేలా నవ్వి, ఇక సెలవని కారెక్కారు. కారు కదల్లేదు. వెనక చక్రాలు రెండూ గిర్రున తిరిగి, పైమట్టి చీల్చుకుని కింది ఇసుకలోకి దిగబడ్డాయి. డ్రైవరు ఎంత తొక్కితే అంత లోపలికి పోయాయి. చివరికి వీధంతా చేరి తోశాం. రైతులు, మా ఆయన, కొంగు బిగించి నేను, నా పక్కన పెద్దమ్మ.

"గట్టి నేలేనండి, కాస్త గట్టిగా తొయ్యాలంతే" అని ఆమె అంటుంటే నాకు నవ్వాగక చేతుల్లో పట్టు పోయింది.

రెండు నెలలకి ఉత్తర్వు వచ్చింది. బయలు పోరంబోకుగానే ఉంటుందని, కట్టడాలకి ఇవ్వడం కుదరదని అందులో ఉంది. హెడ్డు గారు దాన్ని అరుగు మీద మూడుసార్లు చదివించుకున్నారు. ఆ తర్వాత ఆ గోడకి సున్నం వేయించలేదు. మిగతా ఇల్లంతా వేయించి ఆ ఒక్క పట్టీ వదిలేసేవారు. రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి కాసేపు అక్కడ నిలబడేవారు.

షావుకారు గారు సినిమా హాలుని పెద్ద రోడ్డు పక్కన, బస్సులు ఆగే చోటుకి దగ్గర్లో కట్టారు. హాలు తెరిచిన మొదటి ఆదివారం, దానితో మాకు సంబంధం లేనట్టే వీధంతా మౌనంగా ఉంది. నేను మా స్కూలు టీచరమ్మ ఒకరికి ఒంట్లో బాగోలేదు, చూసొస్తానని మా ఆయనతో చెప్పి బయల్దేరాను. ఆ టీచరమ్మ నాకంటే ముందే హాలు దగ్గర ఆరోగ్యంగా నిలబడి ఉంది. లోపలికెళ్ళి ఆడవాళ్ళ వైపు కూర్చుని అటు చూద్దును కదా, బెంచీ క్లాసులో మా ఆయన! కోర్టు పనుందని పొద్దున్నే వెళ్ళిన మనిషి. ఆదివారం కోర్టేమిటని నేనూ అడగలేదు, నా తొందరలో నేనున్నాను. ఇద్దరం చూపులు తిప్పుకున్నాం. ఆయన వెనక వరసలో మా వీధి రైతులు. కుర్చీల్లో అందరికంటే ముందు, ఇస్త్రీ చొక్కాతో హెడ్డు గారు. వెనక్కి తిరిగి మమ్మల్నందర్నీ ఒక్కొక్కర్నే లెక్కపెట్టి, హాలంతా వినపడేట్టు అన్నారు:

"కోరం ఉందమ్మా కార్యదర్శీ! మీటింగు పెట్టేద్దామా?"

గుమ్మం దగ్గర టికెట్లు చింపుతున్న షావుకారు గారి నవ్వు బయటికి కూడా వినిపించి ఉంటుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి నాకు జగ్గయ్యపేట బదిలీ అయింది. మకాం మార్చిన రెండో వారంలో సాయంత్రం పూట గుమ్మంలో ఎవరో దగ్గుతున్నారు. చూస్తే షావుకారు గారు. కాస్త చిక్కారు గాని అదే నవ్వు.

"పంతులమ్మ గారూ, మీరొచ్చారని తెలిసి పరిగెత్తుకొచ్చా. మా వీధిలో సంఘం పెట్టా. నేనే ప్రెసిడెంటుని."

ఆయన మేడ వెనక ఎవరో సున్నపు బట్టీ పెట్టారట. పొగ, దుమ్ము. మర్నాడు వెళ్ళి చూశాను. పెరట్లో మల్లెపందిరి ఆకులు బూడిద చల్లినట్టున్నాయి. వాళ్ళావిడ కాఫీ గ్లాసు నా చేతికిస్తూ మూడుసార్లు దగ్గింది.

"ఊరు పెరగాలని ఈయనే అంటారమ్మా. మా పెరట్లోకి పెరుగుతుందని నేననుకోలేదు" అంది.

"ఎక్కడైనా ఒకటే న్యాయం కదే" అన్నారాయన చిన్నబుచ్చుకుని. నా వైపు తిరిగి, "మీరు అప్పట్లో నా మీద రాసినట్టే రాయాలండీ. అంత నొప్పిగానూ ఉండాలి, అంత మర్యాదగానూ ఉండాలి" అన్నారు.

రాసిచ్చాను. మా ఆయన ఇంగ్లీషులో కూడా ఒకటి కొడతానంటే, షావుకారు గారు చేతులు జోడించి వద్దన్నారు. బట్టీ పూర్తిగా పోలేదు. గాలి ఊరివైపు వీచే వేళల్లో నిప్పు పెట్టకూడదన్న ఒప్పందం కుదిరింది. గాలి ఎటు వీస్తుందో తేల్చేదెవరన్న ప్రశ్న వచ్చింది. ప్రెసిడెంటు గారే ఆ బాధ్యత తీసుకున్నారు. మేం పేటలో ఉన్నన్నాళ్ళూ, నేను స్కూలుకి వెళ్ళే వేళకి ఆయన మేడ మీద నిలబడి, కర్ర చివర కట్టిన చేతిరుమాలు పైకెత్తి చూస్తూ, "ఆపండ్రోయ్, ఇటే వీస్తోంది!" అని బట్టీవాళ్ళకి కేకలు వేస్తూ కనిపించేవారు.